మిద్దె అమ్మేముందు ఒకసారి దూలాలు చూడరా

నాయనా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది, తిరుపతి ఇల్లు అమ్మొద్దంటాండావంట, శనాదివారాలు బెంగుళూరు నుంచి వచ్చి రిపేరు చేయించుకుంటావంట. మా నాయన కట్టిన మిద్దె మీద మనవడికి ఇంత పాశముండాదా అని సంతోషమైపోయింది. ఆ సంతోషం ఒక గంట, తర్వాత నాకు నిద్ర పట్టలా. ఇంటి గురించి నీకేం తెలుసురా? ఎండాకాలం సెలవలకొచ్చి మిద్దె మీద పడుకోని గోవిందరాజుల తేరు చూడ్డం తెలుసు, అంతే కదా.

కాగితాలు ముందు చూసుకో. ఈసీ తీయించు, అదే ఇంటి మీద అప్పులూ అమ్మకాలూ ఏమన్నా ఉండాయేమో చూపించే కాగితం, ఇంటిపన్ను ఎవరి పేరుమీద కడతాండారో చూడు, రిజిస్ట్రారాఫీసులో మన ఇంటి సర్వే నంబరు 22-ఏ లిస్టులో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల లిస్టులో, ఉందేమో కనుక్కో. మన తిరుపతిలో మఠం భూములూ దేవస్థానం భూములూ యాడ మొదలై యాడ ఆగతాయో సగం మందికి తెలీదు, తరాలుగా కాపురముండే వాళ్ళు కూడా అమ్మబోయినప్పుడే తెలుసుకోని లబోదిబోమంటారు. ఇంకోటి, తాత విల్లు రాయలా. అది ఆయన స్వార్జితం, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కొడుకులకీ కూతుళ్ళకీ సమానం. అంటే మీ నాయన, నేను, వేలూరు చిన్నత్త, ముగ్గురం సంతకం పెట్టాల. నా వాటా నాకొద్దు అని ఇప్పుడే అననులే, అది ఎదురుగా కూర్చోని మాట్లాడుకుందాం. చిన్నత్తని మాత్రం ఫోన్లో అడగబాక. వాట్సాప్‌లో 'అత్తా సైన్ కావాల' అని పెట్టినావంటే జన్మలో పెట్టదు. పో, ఒక పూట ఉండు, అన్నం తిని అప్పుడడుగు.

ఇంక అసలు సంగతి. సిమెంటు.

చిత్తూరు మిట్టూరులో మా అత్తగారిల్లు నీకు గుర్తుండదు, నువ్వు పుట్టకముందే పోయింది. మన తిరుపతి ఇంటి మాదిరే అదీ మద్రాసు మిద్దె. టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, అంటే సన్న కొయ్యలు, పైన సన్న ఇటుకలు నిలబెట్టి సున్నంతో కూర్చి, దానిమీద ఇటుక కంకర, సున్నం పోసి కరక్కాయ, బెల్లం నీళ్ళు చల్లతా ఆడోళ్ళు వరసగా కూర్చోని కొయ్య కొట్టెలతో రోజులకొద్దీ కొట్టేవాళ్ళు. ఒక మూల కొద్దిగా కారతాండాదని మీ మామ ఒక మేస్త్రీని పిలిచినాడు. ఆ మహానుభావుడు పాతదంతా వేస్టు సార్, గట్టిగా సిమెంటు కొడితే యాభై ఏళ్ళు చూడక్కర్లేదన్నాడు. పైన సిమెంటు కాంక్రీటు పోసినారు, లోపలా బయటా గోడలకి సిమెంటు పూసినారు, పెయింటు కొట్టినారు, మా అత్త కొత్త పెళ్ళికూతురు మాదిరి ఉండాది ఇల్లు అని మురిసిపోయింది. నేను అప్పుడే చెప్పినా, మా నాయన సిమెంటు తాకనియ్యడండీ అని, కోడలి మాట ఎవరు వింటారు.

సున్నం గోడ చెమ్మని పీల్చుకుంటాది, ఎండకి వదిలేస్తాది. సిమెంటు పూస్తే జ్వరమొచ్చినోడికి రెయిన్‌కోటు తొడిగినట్టే, నీళ్ళు లోపలే ఉండిపోతాయి. అవి పోయి యాడ చేరతాయంటే గోడలో దూరిన దూలం కొనలో. బయటికేం కనపడదు, నడిమధ్య దూలం నిగనిగలాడతానే ఉంటాది. పైన కాంక్రీటు బరువు వేరే. మూడో ఏడు కార్తీకంలో విడవకుండా వాన, తెల్లారుజామున మా అత్త ముగ్గేయడానికి లేచి వాకిట్లోకి పోయింది, వెనకాల ధబ్ మని శబ్దం. ఆమె పడుకున్న మంచం మీద ఇటుకలూ సున్నపు పెళ్ళలూ ఇంతెత్తు, పైన దూలం ఒక పక్క గోడలోంచి ఊడి వాలిపోయి ఉండాది. చేత్తో ముట్టుకుంటే దాని కొన రవ్వ మాదిరి రాలింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరం పడుకోలేకపోయినాం. బాడుగింటికి మారి, ఆర్నెల్లు తిరక్కుండానే వచ్చిన మొదటి బేరానికే ఇచ్చేసినాం. పడిపోయిన మిద్దె అమ్మేవాడికి బేరమాడే నోరుంటాదా? ఇప్పటికీ పెద్ద వానొస్తే నేను హాల్లో తలుపు పక్కనే పడుకుంటా, మీ మామ నవ్వతాడు.

కాబట్టి నువ్వు టైల్సూ, బాత్రూములూ, ఇంటీరియరూ అని ఇప్పుడే మొదలుపెట్టబాక. పొడుగు స్క్రూడ్రైవరు తీసుకో, నిచ్చెనెక్కి ప్రతి దూలం గోడలోకి పోయే చోట గుచ్చి చూడు. గట్టిగా నిలిస్తే సరే, మెత్తగా దిగిందంటే ఆ దూలం పోయినట్టే. చెదలు మట్టి గీతలుండాయేమో చూడు. గోడ మీద వేలితో కొట్టు, డొల్లగా మోగితే గార వదిలేసింది. 2021 నవంబరులో కపిలతీర్థం పొంగి ఊళ్ళోకి నీళ్ళొచ్చినప్పుడు వెనక వంటిల్లు మునిగింది, ఆ గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగతానే ఉండాది, దానిమీద నాకేం ఆశ లేదు. ముందు పడసాలా, నడిమింటి దూలాలూ బాగుంటే మాత్రం చేయించు, సున్నం పని తెలిసిన మనిషితోనే చేయించు, సంక్రాంతి దాటినాక మొదలుపెట్టి వినాయక చవితికి పైకప్పు పని అయిపోవాల. మనకి అసలు వానలు ఆ తర్వాతే.

పడగొట్టి కొత్తది కడదామంటే ఒకటి యోచన చెయ్యి. ఆ సందులో మన ఇల్లు గోడ నుంచి గోడ దాకా ఉండాది, పక్కింటోళ్ళతో ఉమ్మడి గోడ. కొత్త ప్లానుకి పోతే సెట్‌బ్యాకులని ఇంటి చుట్టూ ఖాళీ జాగా ఒదలాల, రోడ్డు వెడల్పుకి పోయేదుంటే అదీ ఒదలాల, మిగిలేది ఇప్పటిదానికంటే చిన్నిల్లు. అది తెలుసుకోకుండా పార పెట్టబాక.

దూలాలు పోయి ఉంటే అమ్మెయ్‌రా, సిగ్గేం లేదు, మా నాయన ఏమీ అనుకోడు. అమ్మితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ వాల్యుయర్ దగ్గర రాయించుకోని ఆడిటర్ని అడుగు, క్యాపిటల్ గెయిన్స్, అదే అమ్మిన లాభం మీద పన్ను, దాన్నిబట్టే వేస్తారు, అమ్మినాక రెండేళ్ళలో ఇంకో ఇల్లు కొంటే ఆ పన్ను చాలావరకు మిగలతాది. బ్రోకరు నోటిమాటకి అడ్వాన్సు తీసుకోబాక.

చేయిస్తే మాత్రం ఎవరుంటారు ఆడ? అది చెప్పు ముందు. తాళమేసిన సున్నపు ఇల్లు గాలి లేక తొందరగా పోతాది. బాడుగకిచ్చినా సరే, మనిషి ఉండాల.

వచ్చే ఆదివారం నేనూ వస్తా, పొద్దున పది లోపల రా, స్క్రూడ్రైవరు నువ్వు తేవాల, నిచ్చెన పక్కింట్లో అడగతాలే. ఈ ఉత్తరం మీ నాయనకి చూపించబాక, ఆయన కూడా పోయినేడు వంటింటి గోడకి సిమెంటే పూయించినాడు, నాకు తెలీదనుకుంటాండాడు.

ఇట్లు,
మీ పెద్దత్త