స్కాన్‌ నార్మల్‌ అన్నారు.. మరి ఈ తలనొప్పి ఎందుకు?

ప్రశ్న: డాక్టర్‌ గారూ, నా వయసు 34. మూడు వారాల కిందట బైక్‌ మీంచి పడ్డాను. హెల్మెట్‌ ఉంది. అయినా పడ్డాక ఒకట్రెండు నిమిషాలు ఏం జరిగిందో గుర్తు లేదు. ఆ రోజే సీటీ స్కాన్‌ తీసి, అంతా బాగానే ఉందని ఇంటికి పంపేశారు. కానీ తలనొప్పి పోవడం లేదు. పావుగంట ల్యాప్‌టాప్‌ చూస్తే చాలు, తల దిమ్మెక్కిపోతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మర్చిపోతున్నాను. ఇంట్లోవాళ్లేమో ‘స్కాన్‌ బాగుందిగా, ఊరికే భయపడుతున్నావ్‌’ అంటున్నారు. మెదడుకు దెబ్బ తగిలితే చెప్పే రక్తపరీక్ష వచ్చిందని చదివాను. చేయించుకోమంటారా?

జవాబు: ముందు మీ ఇంట్లోవాళ్లకు ఒక మాట. సీటీ స్కాన్‌ బాగుందంటే లోపల రక్తం గడ్డకట్టలేదు, పుర్రె చిట్లలేదు, ఆపరేషన్‌ అక్కర్లేదు అని అర్థం. మెదడుకు ఏమీ కాలేదని కాదు. మీరు చెప్పేవన్నీ కంకషన్‌ లక్షణాలే, అంటే తల కుదుపుకి మెదడు పనితీరు కొన్నాళ్లు దెబ్బతినడం. మీది ఉత్త భయం కాదు.

తల నేలను తాకి ఆగిపోయినా, లోపల ద్రవంలో తేలుతుండే మెదడు అంత త్వరగా ఆగదు. మెత్తటి అవయవం కాబట్టి ఆ ఊపుకి మెలితిరుగుతుంది. అప్పుడు నాడీకణాల నుంచి తీగల్లా సాగే ఆక్సాన్లు లాగినట్టవుతాయి. ఒక్కో ఆక్సాన్‌ మందం మిల్లీమీటరులో వెయ్యోవంతు ఉంటుందేమో. దాన్ని సీటీలో వెతకడం దండగ. తీగ సాగగానే దాని పొరలోని ద్వారాలు అదుపు తప్పుతాయి. లోపలి పొటాషియం బయటికి, బయటి కాల్షియం లోపలికి పోతాయి. గ్లూటమేట్‌ అనే రసాయనం ఒక్కసారిగా విడుదలై పక్క కణాలనూ రెచ్చగొడుతుంది. ఈ అయాన్లను మళ్లీ ఎక్కడివక్కడ సర్దడానికి కణంలోని పంపులు ఆగకుండా పనిచేయాలి, అందుకు బోలెడు శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కాల్షియంతో నిండిపోయి నీరసిస్తుంది. దెబ్బ తర్వాత కొన్నాళ్లు మెదడుకు రక్తప్రసరణా తగ్గొచ్చు. ఖర్చు పెరిగింది, రాబడి పడిపోయింది. పావుగంట స్క్రీన్‌కే తల దిమ్మెక్కడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

చాలామంది అనుకున్నట్టు ఆక్సాన్‌ దెబ్బ తగిలిన క్షణంలోనే పుటుక్కున తెగదు. లోపల ప్రొటీన్లను మోసుకెళ్లే సన్నటి పట్టాలు విరుగుతాయి. సరుకు ముందుకు కదలక అక్కడే పేరుకుని, తీగ ఉబ్బుతుంది. కొన్ని కోలుకుంటాయి. మరికొన్నేమో గంటల తర్వాతో, రోజుల తర్వాతో తెగిపోతాయి.

ఇక మీరడిగిన రక్తపరీక్ష. అది నిజమే. దెబ్బతిన్న కణాల్లోని ప్రొటీన్లు కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తాయి. జీఎఫ్‌ఏపీ అనేది నాడీకణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్ల నుంచి, యూసీహెచ్‌-ఎల్‌1 ఎక్కువగా నాడీకణాల నుంచి వస్తాయి. ఈ రెండింటినీ కలిపి కొలిచే పరీక్షకు 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతినిచ్చింది. కానీ ఎందుకిచ్చిందో చూడండి. పెద్దవాళ్లలో తలకు చిన్న దెబ్బ తగిలిన 12 గంటల్లోపు, సీటీ స్కాన్‌ అవసరమా కాదా అన్నది తేల్చుకోవడానికి! రెండూ తక్కువగా ఉంటే స్కాన్‌లో రక్తస్రావం కనిపించే అవకాశం చాలా తక్కువ కాబట్టి, రేడియేషన్‌ తప్పించవచ్చు. యూసీహెచ్‌-ఎల్‌1 కొన్ని గంటల్లోనే పెరిగి తగ్గుముఖం పడుతుంది. జీఎఫ్‌ఏపీ దాదాపు ఒక రోజుకి గరిష్ఠానికి చేరి, కొన్ని రోజుల్లో దిగిపోతుంది. మీకు స్కాన్‌ అయిపోయింది, మూడు వారాలూ గడిచాయి. ఇప్పుడు చేయిస్తే నార్మల్‌ అనే రావచ్చు, దాన్ని చూపించి ఇంట్లోవాళ్లు మళ్లీ మిమ్మల్నే అంటారు.

యూరప్‌లో కొన్నిచోట్ల వాడే ఎస్‌100బీ అనే మరో ప్రొటీన్‌ పరీక్ష ఉంది, ఆ ప్రొటీన్‌ ఈ రెండింటికంటే తొందరగా రక్తంలోంచి మాయమవుతుంది. పైగా అది కొవ్వులోనూ ఉంటుంది, ఎముక విరిగినా పెరుగుతుంది. బైక్‌ మీంచి పడినవాళ్లలో ఒంటి నిండా దెబ్బలే కదా! వారాలు, నెలల పాటు రక్తంలో నిలిచేది న్యూరోఫిలమెంట్‌ లైట్‌. ఆక్సాన్‌ అస్థిపంజరం లాంటి ప్రొటీన్‌ ఇది. వీటిలో మీ దశకు దగ్గరగా ఉన్న సూచిక ఇదొక్కటే. అయితే ఇది వయసుతోనూ, వేరే నరాల జబ్బుల్లోనూ పెరుగుతుంది. దెబ్బకు ముందు మీలో ఎంత ఉండేదో ఎవరికీ తెలియదు. అంకె ఎంతొచ్చినా నేనిచ్చే చికిత్స మారదు. చికిత్స మారని పరీక్షకు డబ్బు పెట్టమని నేను చెప్పను.

మరేం చేయాలి? చీకటి గదిలో పడుకునే దశ మొదటి ఒకట్రెండు రోజులతోనే అయిపోయింది. రోజూ నడవండి, లక్షణాలు పెరిగితే కాస్త తగ్గించండి, మానేయొద్దు. పావుగంటకు దిమ్మెక్కుతోందంటే పది నిమిషాలకే ల్యాప్‌టాప్‌ మూసి లేవండి. రెండు రోజులు ఇబ్బంది లేకపోతే రెండు మూడు నిమిషాలు పెంచండి. నిద్ర వేళలు తప్పొద్దు, మద్యం వద్దు. నొప్పి మాత్రలు నెలలో సగం రోజులు మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి. మెడ కూడా చూపించుకోండి. పడినప్పుడు మెడ కండరాలు పట్టేసి, ఆ నొప్పి తలలోకి ఎక్కడం నేను తరచూ చూస్తుంటాను. పూర్తిగా తగ్గేదాకా తలకు మరో దెబ్బ తగిలే ఆటల జోలికి వెళ్లొద్దు. కోలుకోని మెదడుకు రెండో దెబ్బ చిన్నదైనా ప్రమాదమే.

రక్తం పలచబడే మందులు వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. వాడుతుంటే ఇవాళే మీ డాక్టర్‌కు చెప్పండి. మందులు వాడినా వాడకపోయినా, తలనొప్పి రోజురోజుకీ ముదురుతున్నా, వాంతులు, మగత, ఫిట్స్‌, ఒక పక్క చేయి కాలు బలహీనపడటం, నడక తూలడం వీటిలో ఏదున్నా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. మెదడు పైపొరల కింద నెమ్మదిగా చేరే రక్తం వారాల తర్వాత బయటపడొచ్చు. అలాంటప్పుడు స్కాన్‌ మళ్లీ తీయాలి. ఇవేవీ లేకపోతే పది రోజులు చూడండి. తేడా కనిపించకపోతే న్యూరాలజిస్ట్‌ను కలవండి. ఎన్ని నిమిషాల స్క్రీన్‌కి తలనొప్పి మొదలవుతోందో రోజూ రాసిపెట్టుకుని, ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.