చనిపోయిన గాయకుడి ‘కొత్త’ ఆల్బమ్ పండగ ముందే ఎందుకొస్తుంది?

మైకేల్ జాక్సన్ 2009లో పోతే, 2017లో హాలోవీన్ (దయ్యాల వేషాలేసే పాశ్చాత్య పండగ) ముందు ‘స్క్రీమ్’ ఆల్బమ్ ఎలా వచ్చిందని అడిగారు. కొత్తది అట్ట మాత్రమేనండీ. ‘థ్రిల్లర్’తో సహా భయం, చీకటి ఉన్న పాత పాటలు 13 ఏరి, చివర పాత పాటలే కలిపిన మిక్స్ ఒకటి తగిలించారు. రాక్‌వెల్ అనే మరో గాయకుడి పాటలో జాక్సన్ గొంతు కలిపింది కూడా లాక్కొచ్చారు! చీకట్లో మెరిసే రికార్డు కూడా వేశారు. విడుదల సెప్టెంబర్ 29న, పండగ అక్టోబర్ 31న. మధ్యలో నెల రోజుల అమ్మకం.

గాయకుడు లేడు కాబట్టి ఇంటర్వ్యూలు, కచేరీలు ఉండవు. ఆ పని పండగే చేసిపెడుతుంది. పైగా ఏటా వస్తుంది.

మా పాలకొల్లులో క్యాసెట్ల రోజుల్లో ఇదే చూశాను. కార్తీక సోమవారం క్షీరారామానికి జనం వస్తున్నారంటే, కొట్టాయన దుమ్ము దులిపి ఘంటసాల భక్తి పాటల్ని ముందు వరసలో పెట్టేవాడు. ఘంటసాల 1974లోనే పోయారు. తడి బట్టలతో గుడి నుంచి వచ్చేవాళ్లు కొట్టు ముందు ఆగి, పాట అయ్యేదాకా కదిలేవాళ్లు కాదు. అయితే కొట్టాయన దాన్ని కొత్త క్యాసెట్ అని మాత్రం అనేవాడు కాదు.