చెవికి పదిహేనేళ్ళు, పెదవికి రెండు రోజులు

అమ్మాయ్,

నువ్వు పంపిన నీ కొత్త ఫ్లూట్ ఫొటో చూశాను. మీ అత్తయ్య "ఎంత బాగుందో" అంది, నేను మాత్రం రంధ్రాలు లెక్కపెట్టాను. ఊదేది కాక ఆరే ఉన్నాయి. అంటే నువ్వు కొన్నది హిందుస్తానీ బాన్సురీ, మన కచేరీల్లో వాయించే వేణువు కాదు. మనదానికి ఎనిమిది ఉంటాయి, వేళ్ళతో మూసేవి ఏడు, చివరిది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆన్‌లైన్లో ఫ్లూట్ అని వెతికితే ముందు కనపడేది ఆ ఆరు రంధ్రాలదే, నీ తప్పేం లేదు. వెనక్కి తీసుకుంటే పంపెయ్, తీసుకోకపోతే గోడకి తగిలించుకో. దాంట్లో మూడు మూస్తే స, మనదాంట్లో రెండు మూస్తే స. పదిహేనేళ్ళు కర్ణాటక వయొలిన్ వాయించినదానివి, మొదట్లోనే వేళ్ళ లెక్క తికమక చేసుకోవడం ఎందుకు?

ఈసారి ఫ్లూట్ వాయించేవాళ్ళనెవరినైనా వెంటబెట్టుకుని వెళ్ళు. వాళ్ళు ఊది, తంబూరాకి సరిపోతోందో లేదో చూసి ఇచ్చిందే తీసుకో. వయొలిన్ అయితే బిరడా తిప్పి సవరించుకుంటావు, దీనికి బిరడాలు లేవు, వెదురుకి ఏ శ్రుతిలో రంధ్రాలు పెట్టారో అదే దాని శ్రుతి. నీ చెయ్యి చిన్నది కాబట్టి ఐదు శ్రుతిది, అంటే పొట్టిది, చాలు. వేణు విద్వాంసులు రమణి గారి పొడుగు ఫ్లూట్ విని మూడు శ్రుతిది కొంటానంటావేమో, ఇప్పుడే వద్దు. దాని మీద వేళ్ళు చాపీ చాపీ మణికట్టు పట్టేసిందంటే మర్నాడు వయొలిన్ బో పట్టుకోవాల్సింది ఆ చేత్తోనే.

ఇక అసలు సంగతి. నీ చెవికి పదిహేనేళ్ళు, నీ పెదవికి రెండు రోజులు. ఈ రెండూ ఒకే ఇంట్లో కాపురం పెడితే మొదటి ఆర్నెల్లు గొడవే. సంగీతం ఏమీ రానివాడు ఫ్లూట్ పట్టుకుంటే వాడికి వచ్చిన కూతే ముద్దు, రోజూ గంటసేపు సంతోషంగా ఊదుకుంటాడు. నీకలా కాదు. స కాస్త దిగినా నీ చెవి ఒప్పుకోదు, సవరించే శక్తి పెదవికి ఇంకా రాలేదు, దాంతో చిరాకు, చిరాకులో గట్టిగా ఊదడం, గట్టిగా ఊదితే శ్రుతి ఇంకా పైకి పోవడం. వయొలిన్ బాగా వచ్చినవాళ్ళు ఫ్లూట్‌ని రెండు నెలల్లో మూల పడేయడం నేను ఎన్నిసార్లు చూశానో. అందరూ చెప్పే కారణం టైం లేదని. కారణం టైం కాదు, సిగ్గు.

నేను మాత్రం తక్కువ తిన్నానా! నలభై రెండేళ్ళప్పుడు పట్టుకున్నాను దీన్ని. వారం రోజులు ఒట్టి గాలి తప్ప ఏమీ రాలేదు, మీ అత్తయ్య వంటింట్లోంచి "ఏమండీ, సైకిల్ టైరు పంక్చరైందా?" అని అడిగేది. మూడో నెలకి నాలుగు కీర్తనలు వచ్చాయనిపించి, వయొలిన్ విద్వాంసుణ్ణి కదా అన్న ధీమాతో, మా ఊరి శ్రీరామనవమి పందిట్లో వాయిస్తానని ఒప్పుకున్నాను. మైకు సరిగ్గా నోటి ముందు పెట్టారు. పాట కంటే "ఫూ ఫూ" ఎక్కువ వినపడింది, ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ టెన్షన్‌లో ఇంకా గట్టిగా ఊదాను, అంతకంతకూ శ్రుతి పైకి పోయింది, హార్మోనియం ఆయన పాపం నా మొహం, తన మెట్లు మార్చి మార్చి చూసి చివరికి చేతులు తీసేశాడు. చలిమిడీ వడపప్పూ ఇచ్చి పంపించారనుకో. తర్వాత ఏడాది దాకా ఎవరి ముందూ ఊదలేదు.

అందుకే చెప్తున్నా, మొదటి మూడు నెలలు కీర్తనల జోలికి పోకు. నీకు వందొచ్చినా సరే. ఒక్క స్వరం పట్టి నిలుపు. అద్దం ముందు కూర్చుని, కింది పెదవి మీద రంధ్రం అంచు ఆనించి, సగం గాలి లోపలికి, సగం గాలి అంచు మీదుగా బయటికి పోయేట్టు ఊదు. ఖాళీ సోడా సీసా మూతి మీద ఊది చిన్నప్పుడు మోగించేదానివి, అదే పని. దొరికిందనుకున్న చోటు మర్నాడు ఉండదు, ఒక రోజు బ్రహ్మాండంగా పలికి రెండో రోజు మూగగా ఉంటుంది, భయపడకు. తల తిరుగుతుంది, అది కూడా మామూలే, ఊపిరి అదుపు లేకుండా ఖర్చు పెడుతున్నావని అర్థం. పది నిమిషాలు ఊది ఆపు, మంచినీళ్ళు తాగి మళ్ళీ పది నిమిషాలు. నిలబడి మాత్రం ఊదకు మొదట్లో. బాత్రూంలో అసలు వద్దు, అక్కడ గోడల మోతకి ప్రతివాడూ వేణు విద్వాంసులు మాలి గారంతటివాడే.

వేళ్ళ దగ్గర నీ వయొలిన్ నీకు అడ్డం వస్తుంది. తీగ మీద వేలి కొన నిలువుగా దిగుతుంది. ఇక్కడ వేలి మెత్తని భాగం, కొన కాదు, పల్చగా పరుచుకోవాలి. అలవాటు కొద్దీ నువ్వు వంచుతావు, వెంట్రుకంత సందు మిగుల్తుంది, కింది స్వరాలు పలకవు, పెదవిది తప్పనుకుని పెదవిని చంపుకుంటావు. పైగా తీగలకి గట్టిపడ్డ నీ ఎడమచేతి కొనలకి రంధ్రం అంచు సరిగా తెలీదు కూడా. వేణువుని కచేరీ వాద్యం చేసిన శరభశాస్త్రి గారికి చూపు లేదు తెలుసా, 1904లో ముప్ఫై రెండేళ్ళకే పోయారు. ఆయన వేళ్ళు తడిమి మూసినవే కదా! నువ్వూ కళ్ళు మూసుకుని వేళ్ళు వెయ్యి. కుడిచెయ్యి ఇన్నాళ్ళూ బో పట్టుకోవడం తప్ప ఏమీ చెయ్యలేదు, దానికి ఇప్పుడు నాలుగు వేళ్ళ పని ఇస్తున్నావు, చిటికెన వేలు ఏడుస్తుంది. ఏడవనీ.

సాధన మోహన రాగంతో మొదలుపెట్టు. పాఠాలు మొదలయ్యే రాగం మాయామాళవగౌళే అని గురువు పట్టుబడితే సరే, కానీ నన్నడిగితే దీని మీద మోహనం సుళువు. ఎందుకంటే ఈ వెదురు తనంతట తాను పలికేది హరికాంభోజి రాగం. రెండు మూస్తే స, ఒకటి మూస్తే చతుశ్రుతి రి (పెద్ద రి), అన్నీ తెరిస్తే గ, ఐదు మూస్తే ప, నాలుగు మూస్తే ధ. మోహనానికి ఇవే చాలు, పూర్తి రంధ్రాలే. మాయామాళవగౌళలో శుద్ధ రిషభానికి (చిన్న రి) రెండో రంధ్రం సగం మూయాలి, శుద్ధ ధైవతానికి (చిన్న ధ) ఐదోది, కాకలి నిషాదానికి (పెద్ద ని) మూడోది. సగమంటే ఎంతో నీ చెవికి తెలుసు, వేలికి తెలీదు. ఇంకో చిక్కుంది, గ నుంచి మ. గ దగ్గర వేళ్ళన్నీ గాల్లో ఉంటాయి, మ కి ఒకేసారి ఆరూ పడాలి, అదే క్షణంలో ఊపిరి పై స్థాయికి మారాలి. ఒక్క వేలు ఆలస్యమైతే కీచుమంటుంది. ఆ కీచు పోవడానికి నాకు ఏడాది పట్టింది. గ మ గ మ, గ మ గ మ, అంతే, రోజూ ఓ ఐదు నిమిషాలు, పక్క ఫ్లాట్ వాళ్ళు కుక్కర్ పెట్టుకునే వేళ చూసి వాయించుకో.

గమకాల గురించి, అంటే స్వరాన్ని ఊపి పలికించడం గురించి, ఇప్పుడే అడక్కు. తీగ మీద జారినట్టు ఇక్కడ జారలేవు, వేలిని రంధ్రం మీంచి నెమ్మదిగా లేపుతూ ఊపిరితో సాయం పట్టాలి. మాలి గారు వేళ్ళ పద్ధతే మార్చేసి వేణువు చేత గాత్రం పలికించారంటారే, అదంతా ఈ జాగాలోదే. రెండో ఏడాది మాట్లాడుకుందాం.

ఊపిరి గురించి మాత్రం ఇప్పుడే. బో ఉన్నంత కాలం నీకు ఊపిరితో పని పడలేదు, ఎక్కడ తిప్పినా ధార తెగదు. ఫ్లూట్‌లో ఊపిరి తీసుకున్న చోట పాట ఆగుతుంది. అది మాట మధ్యలో ఆగితే "రా" ఒక పక్క, "ముడు" ఒక పక్క. అందుకని వాయించబోయే పాటని ముందు పాడు, గొంతు ఎలా ఉన్నా సరే, సాహిత్యం కాగితం మీద రాసుకుని ఊపిరి తీసే చోట పెన్సిల్‌తో గీత పెట్టుకో. నేను ఇది చెయ్యడం మొదలుపెట్టాక నా వయొలిన్ బాగుపడింది, అది నేను అనుకోని లాభం. అంతకు ముందు నా వాయింపు ఫుల్‌స్టాప్ లేని వాక్యంలా ఉండేదని మా గురువుగారు అంటుండేవారు, ఏమంటున్నారో ఫ్లూట్ పట్టుకున్నాక తెలిసింది.

గురువు కావాలా అనడిగావు. పెదవికి కావాలి, వీడియో చూస్తే రాదు, ఎదురుగా కూర్చుని గడ్డం ఇంత దించు అని చెప్పే మనిషి కావాలి. ఓ ఆరేడు నెలలైనా. ఆ తర్వాత నీ వయొలిన్ గురువు చాలు. బాన్సురీ విద్వాంసులు హరిప్రసాద్ చౌరాసియా గారు అన్నపూర్ణాదేవి గారి దగ్గర నేర్చుకోవడానికి వెళ్ళేసరికే రేడియోలో ఉద్యోగం చేసి, సినిమాలకి వాయిస్తున్న మనిషి. ఆవిడేమో సితార్ లాంటి సుర్‌బహార్ వాద్యంలో విద్వాంసురాలు, ఫ్లూట్ కాదు. కొత్తగా మొదలుపెడతానని చూపించుకోవడానికి ఆయన కుడి పక్కకి పట్టుకునే ఫ్లూట్‌ని ఎడమ పక్కకి మార్చేశారు. వచ్చిన విద్యని పక్కన పెట్టడమంటే అదీ. బాలమురళి గారు అన్నీ వాయించారు కదా అంటావు, నాకు తెలుసు నీ వాదన. ఆయన ఎనిమిదేళ్ళకి కచేరీ చేసిన మనిషి, వాళ్ళ నాన్నగారే వేణువు వాయించేవారు. మనం మామూలు వాళ్ళం.

వయొలిన్ ఎప్పుడు, ఫ్లూట్ ఎప్పుడు అంటే, పొద్దున్నే ఫ్లూట్, ఆఫీసు నుంచి వచ్చాక వయొలిన్. ఒకదాని వెంట ఒకటి వద్దు. వయొలిన్ వాయించి వెంటనే ఫ్లూట్ ఊదితే నీ మీద నీకే జాలేస్తుంది. వెదురుని ఏసీ గాలికి ఎదురుగా పెట్టకు, ఎండలో కారులో వదలకు. నాది ఒకటి మే నెలలో వెనక సీట్లో పెట్టి మర్చిపోయి పెళ్ళికెళ్ళొచ్చాను, చివర నుంచి నాలుగో రంధ్రం దాకా చీలింది. దారం చుట్టి దాచుకున్నాను, పలకదు.

వినాయక చవితికి వస్తావుగా, వయొలిన్ కూడా తెచ్చుకో. నా ఫ్లూట్ శ్రుతికి నీ తీగలు సవరించుకుందువు గాని. నువ్వు ఊదేది మాత్రం పెరట్లోనే, మీ అత్తయ్య చెవులు మళ్ళీ పంక్చరు భరించలేవు.

మామయ్య

తా.క. పెదవులు పగిలితే రాత్రి పడుకునేముందు నెయ్యి రాసుకో. లిప్‌స్టిక్‌తో ఊదకు, జిడ్డుకి పెదవి జారుతుంది, రంధ్రం చుట్టూ ఎర్రగా అంటుకుని చచ్చినా పోదు.