కంప్యూటర్ సందేహాలు: మాఘంలో నిలిచిన వేగం వైశాఖంలో నిలుస్తుందా?

ప్రశ్న: నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర మాకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళి వీడియోల ఎడిటింగుకు రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు ఉన్న కంప్యూటర్ వాడుతున్నాను. ప్రాసెసర్‌తో వచ్చిన కూలరే ఇప్పటికీ ఉంది. ర్యామ్ పెట్టె మీద 3200 అని ఉన్నా టాస్క్ మేనేజర్‌లో 2400 అని కనిపిస్తోంది. ప్రాసెసర్‌నూ ర్యామ్‌నూ ఓవర్‌క్లాక్ చేస్తే (నిర్ణీత వేగాన్ని మించి నడిపితే) రెండరింగ్ సమయం, అంటే ఎడిట్ చేసిన వీడియో తుది ఫైలుగా తయారయ్యే సమయం, ఎంత తగ్గుతుంది? కంప్యూటర్ చెడిపోయే ప్రమాదం ఉందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీరు అడిగినవి రెండు వేర్వేరు పనులు. ర్యామ్ పని ఈ వారమే చేసుకోదగినది. ప్రాసెసర్ పని మాత్రం మీ స్టూడియోలో వద్దనే చెబుతాను.

ముందు ర్యామ్ సంగతి. పెట్టె మీది 3200 దాని తయారీదారు పరీక్షించి చెప్పిన వేగం. అయితే కొత్తగా బిగించినప్పుడు మదర్‌బోర్డు సాధారణంగా ఆ వేగాన్ని తనంతట తాను తీసుకోదు. ఏ బోర్డులోనైనా ఇబ్బంది లేకుండా నడిచే సాధారణ వేగాన్ని, మీ విషయంలో 2400ను, ఎంచుకుంటుంది. అసలు వేగానికి కావలసిన లెక్కలు ర్యామ్ మీదున్న చిన్న చిప్పులో ముందే రాసి ఉంటాయి. బయాస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్ళి ఎక్స్‌ఎంపీ అనే ప్రొఫైల్‌ను ఎంచుకుంటే (కొన్ని బోర్డుల్లో దీనినే డీఓసీపీ అనో ఏ-ఎక్స్‌ఎంపీ అనో రాస్తారు) వేగం 3200కు, వోల్టేజి 1.2 నుంచి సాధారణంగా 1.35కు చేరుతాయి. మీ ప్రాసెసర్‌కు 3200 అధికారికంగా అనుమతించిన వేగమే కాబట్టి దీనివల్ల ప్రాసెసర్ తన హద్దు దాటదు.

లాభం చిన్నది కాదు. రెండు ర్యామ్‌లూ రెండు చానెళ్ళలో (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఉన్న రెండు వేర్వేరు దారుల్లో) ఉంటే 2400 వేగంలో సెకనుకు గరిష్ఠంగా 38.4 గిగాబైట్ల సమాచారం కదులుతుంది. 3200 వేగంలో అది 51.2 గిగాబైట్లు అవుతుంది. పైగా రైజెన్ ప్రాసెసర్లలో కోర్లను (లెక్కలు చేసే భాగాలను) మెమరీతో కలిపే లోపలి మార్గం ర్యామ్ అసలు క్లాక్‌తో సమానంగా నడుస్తుంది. 3200 అన్నది సెకనుకు జరిగే బదిలీల లెక్క, మిలియన్లలో. అసలు క్లాక్ అందులో సగం, అంటే 1600 మెగాహెర్ట్జ్. కాబట్టి ర్యామ్ వేగం పెంచితే ఆ లోపలి మార్గం కూడా 1200 నుంచి 1600కు పెరుగుతుంది. పనిలో పనిగా ర్యామ్‌లు సరైన స్లాట్లలో ఉన్నాయో లేదో చూడండి. నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండవ, నాలుగవ స్లాట్లలో ఉండాలి. రెండూ ఒకే చానెల్‌లో ఉంటే పైన చెప్పిన గిగాబైట్ల అంకెలు సగానికి పడిపోతాయి.

వేగం మార్చాక విండోస్ తెరుచుకుంది కదా అని తృప్తిపడవద్దు. కొన్నేళ్ళ కిందట నేను చేసిన తప్పు అదే. నా సొంత కంప్యూటర్‌లో ర్యామ్‌ను పెట్టె మీది వేగాన్ని మించి పెంచి, అంతా బాగానే నడుస్తోందని పరీక్ష మానేశాను. కొన్ని వారాల తరువాత చూసుకుంటే బ్యాకప్ డిస్కులోకి కాపీ చేసిన ఇంటి ఫోటోల్లో కొన్ని సగం వరకే తెరుచుకున్నాయి. ఆ వారాలన్నిటిలో కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు, ఒక్క హెచ్చరిక కూడా చూపలేదు. ర్యామ్ పొరపాటు ఇలా చప్పుడు లేకుండా ఫైళ్ళలోకి చేరుతుంది. మీ చేతిలో ఉన్నవి మరొకరి ఇంటి పెళ్ళి వీడియోలు. జీలకర్ర బెల్లం ఘట్టం చెడిపోతే మళ్ళీ తీసే వీలు లేదు. అందుచేత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, రాత్రంతా నాలుగు పాస్‌లు (చుట్లు) పూర్తిగా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ వేగం పనికిరాదని అర్థం. అప్పుడు 3000కు గానీ 2933కు గానీ దించి మళ్ళీ పరీక్షించాలి.

ఇక ప్రాసెసర్. దాని వేగం అంటే 100 మెగాహెర్ట్జ్ మూల క్లాక్‌ను మల్టిప్లయర్‌తో గుణించగా వచ్చేది. మల్టిప్లయర్ 42 అయితే 4.2 గిగాహెర్ట్జ్. ఒకప్పుడు ఈ లెక్కలో పెద్ద లాభమే ఉండేది. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏను ఎంతోమంది మదర్‌బోర్డు క్లాక్‌ను 66 నుంచి 100కు మార్చి 450 మెగాహెర్ట్జ్ వేగంతో నడిపారు. అంటే సగానికి సగం వేగం అదనంగా దక్కింది. ఇప్పటి ప్రాసెసర్లు ఆ మిగులును తమంతట తామే వాడేసుకుంటున్నాయి. మీ 3600 రెండరింగ్‌లో అన్ని కోర్ల మీదా ఇప్పటికే 4 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో నడుస్తూ ఉండాలి. దానిని 4.2 దగ్గర స్థిరపరిస్తే కలిగే లాభం అయిదు శాతం; పని అంతా ప్రాసెసర్ మీదే నడిచినా గంట రెండరింగ్‌లో మూడు నిమిషాలు తగ్గుతుంది.

ఆ మూడు నిమిషాలకు చెల్లించే వెల చూడండి. ప్రాసెసర్ ఖర్చుచేసే విద్యుత్తు వేగంతో నేరుగానూ, వోల్టేజి వర్గంతోనూ పెరుగుతుంది. వేగం అయిదు శాతం పెంచడానికి వోల్టేజిని 1.20 నుంచి 1.32కు, అంటే పది శాతం, పెంచవలసి వస్తే వేడి సుమారు 27 శాతం పెరుగుతుంది. మీ కూలర్ 65 వాట్ల ప్రాసెసర్‌కు ఇచ్చిన చిన్న కూలర్. ఏ గాలి కూలరైనా ప్రాసెసర్‌ను గది వేడి కంటే చల్లబరచలేదు. గదిలో 14 డిగ్రీలు పెరిగితే లోపల కూడా దాదాపు అంతే పెరుగుతుంది. మాఘమాసపు పెళ్ళిళ్ళ పని చేసేటప్పుడు 26 డిగ్రీల గదిలో 78 దగ్గర నిలిచిన ప్రాసెసర్, వైశాఖంలో ఏసీ ఆగి గది 40కి చేరితే 92ను తాకుతుంది. ఈ ప్రాసెసర్ హద్దు 95 డిగ్రీలు. అక్కడికి చేరితే అది తనను కాపాడుకోవడానికి వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మీరు కష్టపడి పెంచినది పని ఎక్కువగా ఉన్న రోజుల్లోనే చేజారిపోతుంది. పైగా ఓవర్‌క్లాకింగ్ వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు.

ఆ శ్రమను మంచి కూలర్ మీద పెట్టండి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయండి. ర్యామ్ పరీక్షను మాత్రం రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం మరొకసారి నడపండి. ర్యామ్ గడుల్లో సమాచారం చిన్న విద్యుదావేశంగా ఉంటుంది. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి 64 మిల్లీసెకన్లకు ఒకసారి తిరిగి నింపుతూ ఉండాలి. వేడి పెరిగినకొద్దీ ఆ కారడం పెరుగుతుంది. చలికాలపు రాత్రి నెగ్గిన ర్యామ్ ఎండాకాలంలో ఓడిపోవడానికి ఒక కారణం ఇది.

ప్రశ్న: నాది ఐ5-12400, హెచ్610 మదర్‌బోర్డు. ఓవర్‌క్లాక్ చేయవచ్చా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: కుదరదు. ఇంటెల్‌లో సాధారణంగా పేరులో అంకెల తరువాత కే అక్షరం ఉన్న ప్రాసెసర్‌ను జడ్ వరుస బోర్డులో పెట్టినప్పుడే మల్టిప్లయర్ మార్చే వీలుంటుంది. హెచ్610లో ర్యామ్ ఓవర్‌క్లాకింగ్ కూడా లేదు. ఒకే ర్యామ్ ఉంటే అటువంటిదే రెండవది వేయండి. మీకు అందుబాటులో ఉన్న మేలు అదే.

ప్రశ్న: మా గ్రానైట్ ఆఫీసు కంప్యూటర్‌లో నాలుగు ర్యామ్‌లు ఉన్నాయి. వేగాన్ని 3600కు మార్చిన తరువాత తెర మీద ఏమీ రావడం లేదు. ఫ్యాను తిరిగి ఆగి మళ్ళీ తిరుగుతోంది. బోర్డు పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: పోయి ఉండకపోవచ్చు. కొత్త వేగానికి ర్యామ్‌ను సర్దుకోవడానికి బోర్డు ప్రయత్నించి, విఫలమై, మళ్ళీ మొదలుపెడుతోంది. నాలుగు ర్యామ్‌లు ఉన్నప్పుడు బోర్డు మీద భారం ఎక్కువ కాబట్టి రెండింటితో అందే వేగం నాలుగింటితో అందకపోవడం మామూలే. అయిదు నిమిషాలు వదిలి చూడండి. చాలా బోర్డులు కొన్ని ప్రయత్నాల తరువాత పాత వేగానికి వెనక్కి వస్తాయి. రాకపోతే వైరును ప్లగ్గు నుంచి తీసివేసి, మదర్‌బోర్డు మీదున్న సీఆర్2032 బిళ్ళ బ్యాటరీని తీసి, కొన్ని నిమిషాల తరువాత తిరిగి పెట్టండి. దానితో మీరు మార్చిన వేగం, బోర్డులోని తేదీ చెరిగిపోతాయి. క్యాబినెట్ ఎలాగూ తెరుస్తారు కాబట్టి కూలర్ రెక్కల మధ్య పేరుకున్న రాతి పొడిని బ్రష్షుతో దులపండి. మీ ఊళ్ళో ఈ పని నెలకొకసారి అవసరం. కంప్యూటర్ తెరుచుకున్నాక ముందుగా తేదీ, సమయం సరిచేయాలి. అవి తప్పుగా ఉంటే బ్యాంకు, జీఎస్‌టీ సైట్లు తెరుచుకోవు.