కుక్కతో మోటార్‌హోమ్‌లో ఫ్రాన్స్ యాత్ర: తిరుగు ప్రయాణం తేదీ నుంచి మొదలుపెట్టండి

ఇంగ్లండ్‌లో ఉంటున్న మీరు ఐదేళ్ళ లాబ్రడార్‌ను వెంటబెట్టుకుని, పడక, వంటగది ఉన్న అద్దె బండిలో, అంటే మోటార్‌హోమ్‌లో, మూడు వారాల పాటు ఫ్రాన్స్ చూసి రావాలనుకుంటున్నామని, కాగితాలు, బండి, రాత్రి బస, ఎండ, వెళ్ళదగిన చోట్ల గురించి అనుభవం ఉన్నవారు చెప్పాలని అడిగారు. నేను, మా వారు, మా గోల్డెన్ రిట్రీవర్ చిట్టి కలిసి ఇలాంటి యాత్ర రెండుసార్లు చేశాము. మొదటిది 2022 జులైలో, రెండవది 2023 సెప్టెంబరులో. మొదటిసారి చేసిన తప్పులను దిద్దుకోవడం వల్లనే రెండవ యాత్ర హాయిగా సాగింది కాబట్టి, ఆ తప్పులనే ముందు చెబుతాను.

మేము మొదటిసారి పటం ముందు వేసుకుని, చూడవలసిన ఊళ్ళన్నీ వరుసగా రాసుకుని, కుక్క సంగతి చివరకు చూసుకోవచ్చుననుకున్నాము. నిజానికి మొదట తేల్చుకోవలసింది మీరు తిరిగి బ్రిటన్‌లో అడుగుపెట్టే రోజు, గంట. కుక్క బ్రిటన్‌లోకి రావాలంటే, ప్రవేశించే సమయానికి 24 గంటల కంటే తక్కువ కాకుండా, 120 గంటలకు మించకుండా ముందుగా ఒక పశువైద్యుడు దానికి బద్దెపురుగు మందు వేసి, ఆ వివరాలను కుక్క ప్రయాణ పత్రంలో స్వయంగా నమోదు చేయాలి. ఆ మాత్ర మనమే కొని వేస్తే చెల్లదు. ఉదాహరణకు మీరు ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు తిరిగి వస్తున్నారనుకుంటే, ఆ మందు మంగళవారం సాయంత్రం ఆరు నుంచి శనివారం సాయంత్రం ఆరు లోపల పడాలి. శనివారం మధ్యాహ్నం తరువాత చాలా క్లినిక్‌లు మూసి ఉంటాయి, రైలో ఓడో ఆలస్యమైతే లెక్క తారుమారవుతుంది కాబట్టి, గురువారం ఉదయం ఏ ఊళ్ళో ఉంటారో బయలుదేరకముందే నిర్ణయించుకుని, అక్కడి క్లినిక్‌కు ఫోన్ చేసి సమయం తీసుకోండి. ఆగస్టులో వెళ్తున్నట్లయితే ఇది మరీ అవసరం, ఎందుకంటే ఆ నెలలో ఫ్రాన్స్‌లో సగం మంది సెలవుల్లో ఉంటారు.

మాకు జరిగింది ఇది. ఉత్తర ఫ్రాన్స్‌లోని ఒక చిన్న పట్టణంలో వైద్యుడు చిట్టికి మందు వేసి, తేదీ రాసి, ముద్ర వేసి ఇచ్చాడు కాని, మందు వేసిన గంటను రాయలేదు. మేమూ గమనించలేదు. బ్రిటన్‌కు రైళ్ళు, ఓడలు బయలుదేరే కలేలో కాగితాలు పరీక్షించిన ఉద్యోగిని ఆ ఖాళీ గడిని మర్యాదగానే చూపించి, సమయం లేనిదే పంపడం కుదరదని చెప్పింది. మళ్ళీ వేరే క్లినిక్ వెతుక్కుని, మళ్ళీ మందు వేయించి, ఇంకొక 24 గంటలు ఆగవలసి వచ్చింది. బండిని తిరిగి అప్పగించే గడువు దాటిపోయి అదనపు అద్దె కట్టాము. కనుక క్లినిక్‌లోనే బల్ల దగ్గర నిలబడి, మందు పేరు, తయారీదారు పేరు, తేదీ, గంట, సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా చూసుకుని గాని బయటకు రాకండి.

వెళ్ళేటప్పటి కాగితాల విషయానికి వస్తే, 2021 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో ఇచ్చిన పాత పెట్ పాస్‌పోర్ట్ యూరోపియన్ యూనియన్‌లో చెల్లడం లేదు. దాని స్థానంలో యానిమల్ హెల్త్ సర్టిఫికెట్ కావాలి. మేము వెళ్ళినప్పుడు దానిని అధికారం ఉన్న పశువైద్యుడి చేత ప్రయాణానికి ముందు పది రోజుల లోపల రాయించుకోవలసి వచ్చింది, ప్రతి యాత్రకు కొత్తది తీసుకోవలసి వచ్చింది. అన్ని క్లినిక్‌లూ దీనిని ఇవ్వవు, ఇచ్చేవాటిలో ధరలు ఒక్కొక్కచోట రెట్టింపు తేడాగా ఉంటాయి కాబట్టి రెండు నెలల ముందే నాలుగు చోట్ల విచారించండి. ముందు మైక్రోచిప్, తరువాత రేబిస్ టీకా, మొదటి టీకా అయితే ఆపైన 21 రోజుల నిరీక్షణ అన్న వరుస తప్పకూడదు. బూస్టర్ గడువు ఒక్క రోజు దాటినా దానిని మొదటి టీకాగానే లెక్కించి మళ్ళీ 21 రోజులు ఆగమంటారు. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ నాటి నియమాన్ని ఒకసారి చదవండి. మీలో ఎవరిదైనా ఇంకా భారతీయ పాస్‌పోర్టే అయితే షెంగెన్ వీసా సంగతి కుక్క కాగితాల కంటే ముందే చూసుకోవాలి.

వంటింటి సామాను సర్దేటప్పుడు తెలుగువాళ్ళం తప్పక గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం గాని, పాల పదార్థాలు గాని తీసుకువెళ్ళకూడదు. అంటే పెరుగు, నెయ్యి, పాలకోవా, ఇంట్లో పెట్టుకున్న కోడిమాంసం పచ్చడి అన్నీ ఇంట్లో వదిలి వెళ్ళవలసిందే. మేము కందిపొడి, ఆవకాయ, బియ్యం, పప్పులు తీసుకువెళ్ళి, వెన్న, పెరుగు అక్కడే కొన్నాము. ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతపు వెన్నను కాచి తీసిన నెయ్యితో కందిపొడి అన్నం తింటే ఇంటి నెయ్యి గుర్తుకు రాలేదు. ఇదే నియమం మాంసం కలిసిన కుక్క ఆహారానికీ వర్తిస్తుంది. వైద్య కారణాల వల్ల తినే ప్రత్యేక ఆహారానికి మాత్రం రెండు కిలోల వరకు మినహాయింపు ఉంది. ఉన్నట్టుండి ఆహారం మారిస్తే కుక్కకు కడుపు పాడవుతుంది కాబట్టి, ఫ్రాన్స్‌లో దొరికే రకాన్ని ఇక్కడే కొని, రెండు వారాల ముందు నుంచి కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయండి.

బండి గురించి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో 1997 తరువాత కారు పరీక్ష పాసైనవారికి, అంటే మనలో దాదాపు అందరికీ, మామూలుగా 3,500 కిలోల బండి వరకే అనుమతి ఉంటుంది. నిండు నీళ్ళ ట్యాంకు, ఇద్దరు మనుషులు, 30 కిలోల కుక్క, సైకిళ్ళు చేరితే ఆ పరిమితి సులభంగా దాటిపోతుంది. అద్దెకిచ్చేవారు కుక్కను అనుమతిస్తారా అన్నది, విదేశానికి తీసుకువెళ్ళడానికి కావలసిన వి.ఇ.103 పత్రం ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. మూడు మీటర్ల లోపు ఎత్తున్న 3,500 కిలోల మోటార్‌హోమ్‌కు ఫ్రెంచ్ టోల్ రోడ్లలో రెండవ తరగతి రుసుము పడుతుంది, కాబట్టి ఖర్చు లెక్కలో కారు ధరను వేసుకోకండి. నదికి ఆ ఒడ్డుకు చేరడానికి పట్టవలసినంత సమయంలో సముద్రం దాటించే సొరంగ రైలు నాకు అన్నింటికంటే నచ్చిన మార్గం. ఫోక్‌స్టన్ నుంచి కలేకు 35 నిమిషాల ప్రయాణంలో కుక్క బండిలో మన పక్కనే ఉంటుంది. తక్కువ దూరం దాటించే ఓడల్లో చాలావరకు కుక్కను కింది అంతస్తులో బండిలోనే వదిలి పైకి రావాలి; చిట్టి లాంటి పిరికి ప్రాణానికి అది మంచిది కాదనుకున్నాము.

ఇక ఎండ. మీరు వేసవిలో వెళ్తామన్నారు కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మోటార్‌హోమ్ ఇల్లులా కనిపిస్తుంది కాని, ఎండలో నిలిపితే కారులాగే వేడెక్కుతుంది. ఇంజన్ ఆపిన తరువాత వెనుక గదిలో ఎ.సి. ఉండదు, అద్దె బండ్లలో పైకప్పు ఎ.సి. అరుదు. 2022 జులై మధ్యలో పశ్చిమ ఫ్రాన్స్‌ను వడగాలులు చుట్టుముట్టాయి. జులై 18న ఫ్రాన్స్ వాయవ్య మూలనున్న బ్రెటాన్య ప్రాంతపు తీరంలోని బ్రెస్ట్‌లో కూడా 39.3 డిగ్రీలు నమోదైంది. అంతకు వారం ముందు నైరుతి ఫ్రాన్స్ తీరంలో, ఆర్కషోన్ దగ్గరి పిలా ఇసుకతిన్నె పక్కన ఉండాలని మేము చోటు ఖాయం చేసుకున్నాము. జులై 12న అక్కడి పైన్ అడవిలో మంటలు లేచి, క్యాంపింగ్ స్థలాలలో ఉన్న వేలమందిని ఖాళీ చేయించారు, ఆ తిన్నె కింది క్యాంపింగ్ స్థలాలు కాలిపోయాయి. మేము దారి మార్చుకుని దోర్దోన్ ప్రాంతంలోని వెజేర్ నది ఒడ్డున, పెద్ద చెట్ల కింద ఐదు రోజులు కదలకుండా ఉండిపోయాము. ఉదయం ఐదున్నరకు నడక, తొమ్మిదికల్లా నీడకు చేరడం, మధ్యాహ్నమంతా నది నీళ్ళలో చిట్టిని నిలబెట్టడం, మళ్ళీ రాత్రి తొమ్మిది తరువాత నడక. ఆదిమానవుల చిత్రాలున్న లాస్కో గుహల ప్రతిరూపాన్ని నేను ఒక పూట, మా వారు ఒక పూట విడివిడిగా చూసి వచ్చాము. కుక్కను బండిలో వదిలి ఇద్దరం కలిసి వెళ్ళే ఆలోచనను ఒక్క రోజు కూడా దగ్గరకు రానివ్వలేదు, మీరూ రానివ్వకండి. కిటికీలు తెరిచాము, నీళ్ళు పెట్టాము అన్నది ఆ వేడిలో చాలదు. మీ సెలవులు మార్చుకునే వీలుంటే సెప్టెంబరుకు మార్చుకోండి. వీలుకాకపోతే ఫ్రాన్స్ మధ్యభాగంలో పారే లువార్ నదికి దక్షిణంగా దిగకండి.

సెప్టెంబరుకు ఇంకొక లాభం ఉంది. ఫ్రాన్స్‌లో చాలా సముద్రతీరాలలో వేసవి నెలల్లో కుక్కలకు ప్రవేశం ఉండదు. ఏ తీరంలో ఏ తేదీలన్నది ఆ ఊరి మేయర్ ఆఫీసు నిర్ణయిస్తుంది, తీరం మొదట్లో బోర్డు మీద రాసి ఉంటుంది. 2023లో బ్రెటాన్య దక్షిణ తీరంలో సెలవులు ముగిసిన తరువాత, ఖాళీ ఇసుక మీద చిట్టి అలలను తరుముతూ పరుగెత్తిన ఉదయాలు మా జీవితంలో మంచి రోజులుగా మిగిలిపోయాయి. పర్వతాలకు వెళ్ళాలనుకుంటే జాతీయ ఉద్యానాల విషయంలో జాగ్రత్తపడండి. వనోయిజ్, ఎక్రిన్, పిరెనీ జాతీయ ఉద్యానాల మధ్యభాగంలోకి గొలుసు వేసినా సాధారణంగా కుక్కను రానివ్వరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 30 వరకు అడవుల్లో దారి వదిలి తిరిగే కుక్కకు గొలుసు తప్పనిసరి. కోటల్లో విలాండ్రీ మాకు అన్నింటికంటే ఆత్మీయంగా అనిపించింది, ఎందుకంటే అక్కడి ఉద్యానాలలోకి గొలుసుతో కుక్కను తీసుకువెళ్ళవచ్చు. వెర్సాయ్‌లో రాజభవనం తోటలోకి అనుమతి లేదు కాని పెద్ద కాలువ చుట్టూ ఉన్న పార్కులో నడిపించవచ్చు. సముద్రంలోని దిబ్బ మీద మఠం ఉన్న మోన్-సాన్-మిషెల్ దగ్గర షటిల్ బస్సులో పెద్ద కుక్కను ఎక్కించుకోరు, మఠంలోకీ రానివ్వరు. మేము వంతెన మీదుగా నడిచి వెళ్ళి, వంతులవారీగా లోపల చూశాము. హోటళ్ళలో మాత్రం, ముఖ్యంగా బయట బల్లలు వేసిన చోట, మనకు మెనూ ఇచ్చే లోపలే కుక్కకు నీళ్ళ గిన్నె వస్తుంది.

రాత్రి బసకు ఫ్రాన్స్‌ను మించిన దేశం లేదని నా అభిప్రాయం. ఊరూరా ‘ఎర్’ అనే మోటార్‌హోమ్ స్థలాలు ఉంటాయి. అక్కడ మంచినీళ్ళు పట్టుకోవచ్చు, వాడిన నీరు వదలవచ్చు, టాయిలెట్ కింది పెట్టెను (క్యాసెట్) ఖాళీ చేసుకోవచ్చు, కొద్ది యూరోలతో రాత్రి గడపవచ్చు. అక్కడ కుర్చీలు, పందిరి బయట వేయకూడదు, బండి నిలపడమే గాని విడిది చేయడం కాదు. హైవే పక్కన ఉండే విశ్రాంతి స్థలాలలో మాత్రం రాత్రి నిద్రపోకండి, దొంగతనాల భయం ఉంటుంది. కుక్కకు స్థలం కావాలంటే పురపాలక క్యాంపింగ్ స్థలాలు మేలు. వాళ్ళు కుక్కకు రోజుకు చిన్న రుసుము తీసుకుంటారు, రేబిస్ టీకా కాగితం అడుగుతారు. ఫ్రాన్స్ పాసియోన్ అనే పథకంలో సభ్యులైతే రైతులు, ద్రాక్షతోటల యజమానులు తమ ప్రాంగణంలో ఒక రాత్రి ఉచితంగా ఉండనిస్తారు. షినోన్ దగ్గర ఒక ద్రాక్షతోటలో దిగినప్పుడు నేను ముందుగా వెళ్ళి, కుక్క ఉంది, వదలవచ్చునా అని అడిగాను. ఆ ఇంటి పెద్దావిడ బాతులను లోపలికి తోలి, ఇప్పుడు వదలమని సైగ చేసింది. పల్లెలో అతిథికి దక్కే ఆ మర్యాద మా గుంటూరు జిల్లా ఊళ్ళలో చూసినదే అనిపించింది. అడగకుండా కుక్కను దింపకండి, కోళ్ళు, గొర్రెలు తిరిగే చోట్లు అవి.

ఆరోగ్యం విషయంలో మూడింటి గురించి మీ పశువైద్యుడితో బయలుదేరే ముందు మాట్లాడండి. పిడుదుల వల్ల వచ్చే బబీసియా జ్వరం ఫ్రాన్స్‌లో తరచుగా కనిపిస్తుంది. మూత్రం ముదురు రంగులోకి మారి, కుక్క నీరసించిపోతే అదే రోజు వైద్యం చేయించాలి. మధ్యధరా తీరం వైపు ఇసుక ఈగల వల్ల లీష్మేనియా వస్తుంది. మన దేశంలో కాలా అజార్ పేరుతో తెలిసిన జబ్బుకు ఇది దాయాది. మూడవది అడవి బార్లీ గడ్డి ముళ్ళు. మన పొలంగట్ల మీద పంచెకు అంటుకునే ముళ్ళగడ్డి లాంటిదే, కాని జూన్, జులై నెలల్లో ఎండిన ఆ ముల్లు కుక్క వేళ్ళ సందుల్లో, చెవిలో దూరి లోపలికే పోతుంది. ప్రతి సాయంత్రం పాదాలు, చెవులు వెతకడం మాకు భోజనానికి ముందరి పనిగా మారింది.

మీ మూడు వారాలకు నేనైతే ఇలా వేసుకుంటాను. కలేలో దిగి, రోజుకు రెండు మూడు గంటలకు మించి నడపకుండా నార్మండీ తీరం, అక్కడి నుంచి బ్రెటాన్య, తరువాత లువార్ లోయ. మూడవ వారం మధ్యలో ఉత్తరానికి తిరిగి, గురువారం ఉదయం రూఆఁ నగరం పరిసరాల్లో పశువైద్యుడి దగ్గర బద్దెపురుగు మందు వేయించి, ఆ గడులన్నీ నింపించుకుని, మిగిలిన మూడు రోజులు కలే పక్కన కాప్ బ్లాన్-నే కొండచరియల మీద గడపండి. గాలి చల్లగా ఉంటుంది, నడకకు గడ్డి దారులు ఉన్నాయి, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు అవతలి ఒడ్డున డోవర్ తెల్లని కొండలు కనిపిస్తాయి.