రాకీ మౌంటెన్ పార్కులో చోటు దొరకనప్పుడు పక్కనున్న నేషనల్ ఫారెస్ట్‌లో కుటుంబంతో బస చేయవచ్చా?

మీరు ఆగస్టులో అమ్మానాన్నలతోనూ ఇద్దరు పిల్లలతోనూ కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు వెళ్దామనుకున్నారు. పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లన్నీ నిండిపోయాయి. చుట్టూ ఉన్న నేషనల్ ఫారెస్ట్‌లో ఉచితంగానే టెంట్ వేసుకోవచ్చని ఎవరో చెబితే, అది నిజమేనా, పెద్దవాళ్ళతో క్షేమమేనా, అనుమతులు ఏమైనా కావాలా అని అడిగారు. నిజమే, వేసుకోవచ్చు. అయితే మీలాంటి కుటుంబానికి ఆ ఉచితపు చోటును నేను సిఫారసు చేయను. అదే అడవిలో రుసుము కట్టి దిగే క్యాంప్‌గ్రౌండును, అందులోనూ ఎత్తు తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోమంటాను. నేను కొన్నేళ్ళుగా వేసవిలో కుటుంబంతో ఈ అడవులకే వెళ్తున్నాను. ఇక్కడ చెప్పేది చాలావరకు ఆ అనుభవంతోనే.

ముందుగా ఆ నేల ఎవరిదో తెలియాలి. నేషనల్ పార్కులను చూసుకునే నేషనల్ పార్క్ సర్వీస్ ఇంటీరియర్ శాఖ కింద ఉంటుంది. నేషనల్ ఫారెస్టులు మాత్రం వ్యవసాయ శాఖ కింద 1905లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వీస్ అధీనంలో ఉంటాయి. దేశం మొత్తం మీద ఇవి 154. గడ్డిభూములతో కలిపి ఆ సంస్థ చేతిలో ఉన్నది 19 కోట్ల ఎకరాలకు పైమాటే. పార్కు ప్రధానంగా పరిరక్షణ కోసమూ సందర్శకుల కోసమూ ఉంటే, ఫారెస్ట్‌లో కలప, పశువుల మేత, నీటి వనరులు, వేట, వినోదం అన్నీ ఒకే నేల మీద సాగుతాయి. అందుకే అక్కడ నడకదారిలో ఆవుల మంద ఎదురైనా, వేటకాలంలో దూరంగా తుపాకీ శబ్దం వినబడినా ఆశ్చర్యపోనక్కరలేదు. నిబంధనలు తక్కువ, సిబ్బంది తక్కువ, దారి చూపే బోర్డులూ తక్కువే. దారి తెలిసినవారికి అది స్వేచ్ఛగా అనిపిస్తుంది, మొదటిసారి పెద్దవాళ్ళతో వచ్చినవారికి మాత్రం ఇబ్బంది కావచ్చు.

మీ పార్కుకు ఆనుకొని ఉన్నది అరాపహో, రూజ్‌వెల్ట్ నేషనల్ ఫారెస్ట్. ఉచిత బసను అక్కడ డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. అంటే నీటి కుళాయి, మరుగుదొడ్డి, చెత్తకుండీ, బల్ల ఏవీ లేని చోట మీ ఏర్పాట్లతో మీరే ఉండడం. చాలా ఫారెస్టుల్లో ఒకేచోట 14 రోజులకు మించి ఉండకూడదు. వాగులకూ చెరువులకూ కనీసం 200 అడుగుల దూరం పాటించాలి. బహిర్భూమికి 6 నుంచి 8 అంగుళాల లోతున గుంట తవ్వి పూడ్చాలి, చెత్తంతా తిరిగి మోసుకుపోవాలి. వాహనం ఏ దారిలో వెళ్ళవచ్చో, ఏ దారి పక్కన బస చేయవచ్చో మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్‌లో ఉంటుంది. అది ఉచితమే. ఫోన్‌లో ముందే దించుకోండి, ఎందుకంటే అక్కడ చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. జనం తాకిడి ఎక్కువైన ప్రాంతాల్లో, ముఖ్యంగా బౌల్డర్ వైపు, అంకెలు వేసి గుర్తించిన చోట్లలో తప్ప వేరే చోట బసకు అనుమతి లేదు. శుక్రవారం సాయంత్రం చేరుకుంటే ఆ చోట్లు అప్పటికే నిండిపోయి ఉంటాయి. చీకట్లో, రాళ్ళ దారిలో, అలసిన పిల్లలతో ఇంకో చోటు వెతకవలసిన పరిస్థితి మీకు రాకూడదనే నేను దీన్ని సిఫారసు చేయడం లేదు.

రుసుము తీసుకునే క్యాంప్‌గ్రౌండ్లో కారు నిలిపే చోటు, టెంట్ వేయడానికి చదును చేసిన నేల, పిక్నిక్ బల్ల, ఇనుప వలయంలో నిప్పుల గుంట, నీళ్ళతో పని లేని మరుగుదొడ్డి ఉంటాయి. చాలాచోట్ల వేసవి అంతా అక్కడే ఉండి చూసుకునే హోస్ట్ కూడా ఉంటారు. నేను దిగినవాటిలో చాలావరకు రాత్రికి 15 నుంచి 30 డాలర్ల మధ్యే అయింది. ప్రభుత్వ బుకింగ్ వెబ్‌సైట్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో చాలా క్యాంప్ చోట్లకు బుకింగ్ ఆరు నెలల ముందే తెరుచుకుంటుంది కాబట్టి ఆగస్టు వారాంతాలు ఇప్పటికే పోయి ఉండవచ్చు. అయినా నిరాశపడకండి. రద్దయ్యే బుకింగ్‌లు చాలా ఉంటాయి, ఖాళీ అయితే కబురు పంపే ఏర్పాటూ ఆ వెబ్‌సైట్‌లోనే ఉంది. సోమవారం నుంచి గురువారం మధ్యలో వెళ్ళగలిగితే దొరికే అవకాశం చాలా పెరుగుతుంది.

రిజర్వేషన్ లేకుండా ముందు వచ్చినవారికి ఇచ్చే సైట్లు కూడా కొన్ని క్యాంప్‌గ్రౌండ్లలో ఉంటాయి. అక్కడి పద్ధతి ముందే తెలిస్తే గాభరా ఉండదు. లోపలికి వెళ్ళగానే ప్రకటనల బోర్డు దగ్గర కవర్లు ఉంటాయి. ముందుగా ఒక చుట్టు తిరిగి, స్తంభానికి చీటీ లేని ఖాళీ సైటు చూసుకొని కారు అక్కడ నిలపాలి. కవరు మీద సైటు నంబరు, కారు నంబరు, ఉండే రోజులు రాసి, సరిపడా నోట్లు లోపల పెట్టి, చివరనున్న చీటీ చింపుకొని, కవరును సన్నని చీలిక ఉన్న లావుపాటి ఇనుప గొట్టంలో వేయాలి. చింపిన చీటీని మీ సైటు స్తంభానికి తగిలిస్తే ఆ చోటు మీది. చిల్లర తిరిగి ఇచ్చేవారు అక్కడ ఉండరు కాబట్టి ఒకటి, ఐదు డాలర్ల నోట్లు దగ్గర ఉంచుకోండి. రాయడానికి పెన్ను కూడా మీదే తీసుకెళ్ళండి.

పాసుల గురించి ఒక మాట. ఫెడరల్ భూములకు ఉండే వార్షిక పాస్ ప్రవేశ రుసుములకు పనికొస్తుంది గాని రాత్రి బస రుసుమును తగ్గించదు. బసలో సగం తగ్గింపు ఇచ్చే సీనియర్ పాస్ 62 ఏళ్ళు నిండిన అమెరికా పౌరులకూ శాశ్వత నివాసులకూ మాత్రమే. మీ అమ్మానాన్నలు సందర్శకుల వీసా మీద వచ్చి ఉంటే అది వారికి వర్తించదు.

ఇక ఎత్తు సంగతి. మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదేనని నా అభిప్రాయం. సముద్రమట్టం దగ్గర ఉండేవారు విమానం దిగిన రోజే 10,000 అడుగుల దగ్గర పడుకుంటే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం సర్వసాధారణం. ఫొటోల్లో అందరినీ ఆకట్టుకునే బ్రెయినార్డ్ లేక్ దగ్గరి పానీ క్యాంప్‌గ్రౌండ్ 10,000 అడుగులకు పైన ఉంది. పెద్దవాళ్ళను మొదటి రాత్రే అక్కడికి తీసుకెళ్ళకండి. అల్లెన్స్‌పార్క్ దగ్గరి ఆలివ్ రిడ్జ్, లేక్ గ్రాన్బీ ఒడ్డునున్న స్టిల్‌వాటర్ రెండూ 8,000 అడుగుల పైచిలుకు ఎత్తులోనే ఉన్నా, మధ్యలో ఒకటి రెండు రాత్రులు డెన్వర్‌లోనో, 7,500 అడుగుల ఎత్తులోని ఎస్టెస్ పార్కులోనో గడిపి వెళ్తే శరీరం అలవాటుపడుతుంది. గుండె, ఊపిరితిత్తుల సమస్యలు ఉంటే ముందే వైద్యుణ్ణి అడగడం తప్పనిసరి. ఆగస్టే కదా అని పలచని దుప్పట్లు తీసుకెళ్ళవద్దు, తెల్లవారుజామున అక్కడ చలి బాగా కొరుకుతుంది. టెంట్ లోపల కింద పరిచే దళసరి పరుపు లేకపోతే ఎంత మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉన్నా కింది నుంచి నేల చల్లదనం ఎక్కుతూనే ఉంటుంది. వాగునీళ్ళు కాచి తాగవలసి వస్తే, 6,500 అడుగుల పైన నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి మూడు నిమిషాల పాటు మరగనివ్వాలి.

నిప్పు విషయంలో నేను కాస్త కఠినంగానే మాట్లాడతాను. 2020లో ఇదే అడవిలో మొదలైన కామెరాన్ పీక్ కార్చిచ్చు రెండు లక్షల ఎకరాలకు పైగా కాల్చింది. కొలరాడో చరిత్రలో నమోదైన కార్చిచ్చుల్లో అదే అతి పెద్దది. అదే ఏడాది అక్టోబరులో ఈస్ట్ ట్రబుల్సమ్ మంట గ్రాండ్ లేక్ వైపు దూసుకొచ్చి లక్షా తొంభై వేలకు పైగా ఎకరాలను బుగ్గిచేసింది. గ్రాన్బీ వైపు కారులో వెళ్తున్నప్పుడు కొండల మీద ఆకుల్లేక నిలబడిన నల్లటి మోళ్ళను మీ పిల్లలు తప్పకుండా గమనిస్తారు. అది ఎందుకు జరిగిందో వారికి చెప్పండి. వేసవిలో ఆంక్షలు దశలవారీగా వస్తాయి. మొదటి దశలో సాధారణంగా క్యాంప్‌గ్రౌండ్లోని ఇనుప వలయాల్లోనే మంట వేసుకోనిస్తారు. రెండో దశలో చలిమంట ఎక్కడా వేయకూడదు, మీట తిప్పగానే ఆరిపోయే గ్యాస్ స్టవ్‌కు మాత్రం అనుమతి ఉంటుంది. అందుకే వంట చలిమంట మీద చేద్దామనే ఆలోచన పెట్టుకోకుండా చిన్న గ్యాస్ స్టవ్ తీసుకెళ్ళండి. బాణసంచా ఈ అడవుల్లో ఏడాది పొడవునా నిషిద్ధం.

ఒకసారి మేము ఉదయాన్నే ఒక సైటులో దిగేసరికి ముందువాళ్ళు వదిలిపోయిన బూడిద పైకి తెల్లగా, చల్లారినట్టే ఉంది. కర్రతో కదిపితే లోపల ఎర్రటి నిప్పు కనిపించింది. నీళ్ళు పోసి, కెలికి, మళ్ళీ పోసి, బుస్సుమనే చప్పుడు ఆగిపోయాక చేతి వెనుక భాగాన్ని బూడిదకు దగ్గరగా పెట్టి చూశాను. వేడి ఇంకా తగులుతూనే ఉంది. మరో రెండు బకెట్లు పోస్తే గాని పూర్తిగా చల్లారలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ మంట ఆరనట్టే లెక్క. పడుకునే ముందూ సైటు వదిలే ముందూ ఈ పని మీరే స్వయంగా చేయండి, పిల్లలకు అప్పగించకండి. కట్టెలు దగ్గరలోనే కొనుక్కోండి. దూరం నుంచి తెచ్చే కట్టెలతో పాటు చెట్లను చంపే పురుగులూ వస్తాయి.

జంతువుల గురించి మీ అమ్మగారు భయపడుతున్నారని రాశారు. కొలరాడోలో గ్రిజ్లీలు అనే పెద్ద గోధుమరంగు ఎలుగులు లేవు, ఉన్నవి నల్ల ఎలుగులు. వాటికి కావలసింది వాసన వచ్చే తిండి. తినుబండారాలు, టూత్‌పేస్ట్, సబ్బు, చెత్త ఏవీ టెంట్‌లో ఉంచకుండా ఎలుగు తెరవలేని ఇనుప పెట్టెలోనో, అది లేకపోతే అద్దాలు మూసి తాళం వేసిన కారులోనో పెడితే అవి మీ జోలికి వచ్చే అవకాశం చాలా తక్కువ. నిజానికి నేను ఎక్కువ జాగ్రత్తపడేది జింక జాతికి చెందిన మూస్ విషయంలో. శాంతంగా గడ్డి మేస్తున్నట్టు కనిపించే ఆ భారీ జంతువు పిల్ల వెంట ఉన్నప్పుడు ఒక్కసారిగా మీదికి వస్తుంది. గ్రాండ్ లేక్, బ్రెయినార్డ్ లేక్ పరిసరాల్లో అవి తరచుగా కనిపిస్తాయి. ఫొటో కోసం దగ్గరికి వెళ్ళనివ్వకండి.

నడకకు మీ కుటుంబానికి నాకు తోచేది లయన్ గల్చ్ దారి. వాగు వెంబడి ఎక్కి హోమ్‌స్టెడ్ మెడోస్ చేరుతుంది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద భూమి పొంది అక్కడ బతికిన కుటుంబాల ఇళ్ళ శిథిలాలు ఆ పచ్చికబయళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. పెద్దవాళ్ళు వాగు పక్కనే ఎక్కడైనా ఆగిపోయినా వారికి ఆ పూట వృథా కాదు. ఏ దారినైనా మైళ్ళను బట్టి కాక ఎక్కవలసిన ఎత్తును బట్టి అంచనా వేయండి. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటగానే ఉరుములు మెరుపులు మామూలే కాబట్టి, చెట్లు ఆగిపోయే ఎత్తు దాటి వెళ్ళేవారు మిట్టమధ్యాహ్నానికల్లా కిందికి వచ్చేయాలి. సామాన్లు మోసుకొని ఈ అడవిలోనే రక్షిత ప్రాంతమైన ఇండియన్ పీక్స్ విల్డర్‌నెస్‌లో రాత్రి గడపాలంటే జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ప్రత్యేక పర్మిట్ కావాలి. మామూలు క్యాంప్‌గ్రౌండ్లో దిగేవారికి ఆ అవసరం లేదు.

చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. ఫారెస్ట్‌లో బస చేసినంత మాత్రాన పార్కులోకి ప్రవేశం వచ్చినట్టు కాదు. రాకీ మౌంటెన్ పార్కు 2020 నుంచి వేసవి రద్దీ రోజులకు టైమ్‌డ్ ఎంట్రీ పర్మిట్ పద్ధతి, అంటే ముందే ఎంచుకున్న సమయంలోనే లోపలికి వెళ్ళే పద్ధతి, పాటిస్తోంది. అది వేరుగా బుక్ చేసుకోవాలి, ప్రవేశ రుసుమూ వేరే.

చివరిగా, ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు ఆ ప్రాంతాన్ని చూసుకునే ఫారెస్ట్ సర్వీస్ రేంజర్ డిస్ట్రిక్ట్ కార్యాలయానికి ఫోన్ చేయండి. ఆలివ్ రిడ్జ్‌కైతే బౌల్డర్ డిస్ట్రిక్ట్, స్టిల్‌వాటర్‌కైతే సల్ఫర్ డిస్ట్రిక్ట్. వెబ్‌సైట్‌లో తెరిచే ఉందని చూపిన దారి గాలివానకు చెట్లు పడి మూసుకుపోయిందని నాకు తెలిసింది అలాంటి ఫోన్‌లోనే. అడగవలసినవి నాలుగు: క్యాంప్‌గ్రౌండ్లో తాగునీళ్ళు వస్తున్నాయా, నిప్పు ఆంక్ష ఏ దశలో ఉంది, అక్కడికి వెళ్ళే దారి మామూలు కారుకు సరిపోతుందా, ఈ మధ్య ఎలుగు తిరిగిందా. చాలా కార్యాలయాలు శని, ఆదివారాల్లో మూసి ఉంటాయి కాబట్టి వారం మధ్యలోనే, పగటిపూట చేయండి.