విండోస్ మార్చాక మిక్సింగ్ ఆగిపోయింది... సిస్టమ్ మార్చాలా, లైనే మార్చాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. మా అబ్బాయి బీకాం ఫైనలియర్. రెండేళ్లుగా ఒక ఫొటో స్టూడియోకి ఇంటి దగ్గర్నుంచే పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసిస్తున్నాడు. మూడు వారాల కిందట కంప్యూటర్‌లో విండోస్ 10 తీసి 11 ఎక్కించాడు. అప్పట్నుంచీ వీడియోలు కత్తిరించి కలిపే సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో తెరుచుకుంటోంది గానీ, పెళ్లి ప్రాజెక్టు ప్లే చేస్తే కాసేపటికే దానంతటదే మూసుకుపోతోంది. పెళ్లివాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. కొత్త సిస్టమ్‌కి లక్ష కావాలంటున్నాడు. వాళ్ల నాన్నేమో ఈ లైనే వద్దు, బ్యాంకు కోచింగ్‌లో చేర్పిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మిషన్ మీద దారం ఊరికూరికే తెగుతోందనుకోండి, కొత్త మిషన్ కొంటారా? ముందు సూది వంగిందేమో చూస్తారు. దారం మార్చి చూస్తారు. టెన్షన్ స్క్రూ కాస్త సడలిస్తారు, బాబిన్ కేసులో దూది పేరుకుందేమో ఊదుతారు. అదీ ఒకదాని తర్వాత ఒకటి. అన్నీ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగైందో మీకే తెలియదు. మీ అబ్బాయి ఇప్పుడు చేయాల్సింది కూడా అంతే. లక్ష సంగతి, బ్యాంకు సంగతి తర్వాత చూద్దాం. కింద రాసింది అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, సగం అతనికే చెబుతున్నాను.

బాబూ, దేన్నైనా ముట్టుకునే ముందు ఆ పెళ్లి ఫుటేజ్ మొత్తం ఇంకో హార్డ్ డిస్కులోకి కాపీ చెయ్. ప్రాజెక్టు ఫైలు, ఆటో సేవ్ ఫోల్డరు కూడా. సినిమావాళ్లకైతే ఇంకో టేక్ ఉంటుంది, జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం. కాపీ అయ్యాక రెండు మూడు క్లిప్పులు అందులోంచి తెరిచి చూసి, ఆ డిస్కు తీసి అమ్మ బీరువాలో పెట్టెయ్.

పాత విండోస్‌కి వెనక్కి వెళ్దామనుకుంటున్నావేమో. ఆ వీలు ఎక్కించిన పది రోజుల వరకే ఉంటుంది. తర్వాత పాత ఫైళ్లను విండోస్ తనే తుడిచేస్తుంది. అయినా విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి మార్చడం తప్పు కాదు. పెళ్లి పని చేతిలో ఉండగా మార్చావు చూడు, అదే తప్పు. డెలివరీ ఇచ్చేదాకా సిస్టమ్ జోలికి పోకూడదు. ఇది నేనూ దెబ్బతినే నేర్చుకున్నాను. ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు నాలుగేళ్లు ఒక మిక్సింగ్ యూనిట్‌లో పనిచేశాను. పాత విండోస్ ఎక్స్‌పీ తీసి విస్టా వేసిన మర్నాడు, టేపులోని వీడియోని కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డు పలకలేదు. ఆ కార్డును విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాము, అంటే డ్రైవరు, విస్టాకి రానే లేదు. అటు ఓనరు తిట్లు, ఇటు టేపుల్లో ఇరుక్కుపోయిన రెండు పెళ్లిళ్లు. చివరికి ఒక పాత డిస్కులో ఎక్స్‌పీ మళ్లీ వేసుకుని రాత్రంతా కూర్చున్నాం. పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2019లో యాపిల్ మ్యాక్ కంప్యూటర్లకు కాటలీనా అనే కొత్త సిస్టమ్ వచ్చి పాతకాలపు 32 బిట్ ప్రోగ్రాములన్నిటినీ ఒక్క దెబ్బతో పక్కన పెట్టేసింది.

ఇక నీ కేసుకి వద్దాం. అమ్మ రాసిన దాంట్లోనే పెద్ద ఆధారం ఉంది. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోంది, పెళ్లి ప్రాజెక్టు ప్లే చేస్తేనే పోతోంది. అసలు తెరుచుకోకపోతే వెతకాల్సిన చోట్లు వేరు. ఖాళీ ప్రాజెక్టు ఒకటి తెరిచి, ఫోన్‌లో తీసిన క్లిప్పు వేసి, ఏ ఎఫెక్టూ లేకుండా పది నిమిషాలు ఆడించు. అది నిక్షేపంలా ఆడితే విండోస్‌నీ ప్రీమియర్‌నీ తిట్టడం ఆపొచ్చు. తేడా నీ ప్రాజెక్టులో వాడినవాటిలో ఉంది. అంటే ఎఫెక్టులు, ప్లగిన్లు (విడిగా తెచ్చి తగిలించుకునే అదనపు ప్రోగ్రాములు), వాటిని మోసే గ్రాఫిక్స్ కార్డు.

తర్వాత పెళ్లి ప్రాజెక్టు తెరిచి, ఫైల్ మెనూలో ప్రాజెక్ట్ సెట్టింగ్స్, అందులో జనరల్‌కి వెళ్లు. రెండరర్ అన్నచోట, గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించే జీపీయూ యాక్సిలరేషన్ తీసి సాఫ్ట్‌వేర్ ఓన్లీ పెట్టు. నత్తనడక నడుస్తుంది, కంగారు పడకు. తలంబ్రాల ముక్క దాటి కూడా మూసుకుపోకుండా ఆడిందంటే దొంగ దాదాపు దొరికినట్టే: గ్రాఫిక్స్ డ్రైవరు. పెద్ద అప్‌గ్రేడ్ అప్పుడు విండోస్ తన దగ్గరున్న డ్రైవరును తెచ్చి పెట్టేసుకోవడం మామూలే. ఎన్విడియా కార్డయితే వాళ్ల సైటు నుంచే దించుకో. గేమ్ రెడీ అని ఒకటి, స్టూడియో అని ఒకటి ఉంటాయి. నీకు కావాల్సింది స్టూడియో. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ ఎంచుకుని, క్లీన్ ఇన్‌స్టలేషన్ దగ్గర టిక్కు పెట్టు. ఆ టిక్కు మరిచిపోతే పాత సెట్టింగుల మీదే కొత్తది కూర్చుంటుంది.

సాఫ్ట్‌వేర్ ఓన్లీలో కూడా పోతోందా? అయితే విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరువు. విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్, అందులో ఎర్ర గుర్తుతో, 1000 నంబరుతో ప్రీమియర్ పేరున్న లైను వెతుకు. కింద ఫాల్టింగ్ మాడ్యూల్ అని ఒక ఫైలు పేరు ఉంటుంది. మన కుర్రాళ్లలో ఎక్కువమంది చూడనిది అదే, ఎక్కువ విషయం చెప్పేదీ అదే. పేరు ఎన్వీ అక్షరాలతో మొదలైతే మళ్లీ ఎన్విడియా డ్రైవరే. ఏదైనా ట్రాన్సిషన్ ప్యాకో, టైటిల్ ప్లగిన్ పేరో ఉంటే అదే. ఎన్‌టీడీఎల్ఎల్, కెర్నల్‌బేస్ అని ఉంటే మాత్రం దాన్ని పట్టుకుని వేలాడకు. అవి విండోస్ సొంత ఫైళ్లు, ఎవరో చేసిన తప్పు వాటి దగ్గర బయటపడిందంతే.

ప్లగిన్ మీద అనుమానమొస్తే వాటిని డిలీట్ చెయ్యకు. ప్లగిన్ల ఫోల్డర్లో నువ్వు విడిగా వేసుకున్నవన్నీ డెస్క్‌టాప్ మీదికి జరిపి ఆడించు. బాగుంటే సగం వెనక్కి పెట్టు, మళ్లీ ఆడించు. పోయిందా, ఆ సగంలో ఉంది. నాలుగైదు సార్లలో ఒక్కటి మిగులుతుంది.

ఇంకోటి, ఇది చాలామందికి తట్టదు. విండోస్ 11లో డాక్యుమెంట్స్ ఫోల్డరు వన్‌డ్రైవ్‌లోకి, అంటే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలోకి, వెళ్లిపోయిందేమో చూడు. ప్రీమియర్ తన సెట్టింగుల ఫైళ్లు అక్కడే దాచుకుంటుంది. నువ్వు ప్రాజెక్టు కూడా అక్కడే పెట్టి ఉంటే, ఒక పక్క నువ్వు రాస్తుంటే ఇంకో పక్క వన్‌డ్రైవ్ దాన్ని లాక్కుంటూ ఉంటుంది. ఉచితంగా వచ్చేది 5 జీబీ, పెళ్లి ఫుటేజ్‌లో అది ఏ మూలకి? ఆ వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆపేసి, ప్రాజెక్టును వేరే డ్రైవులో పెట్టుకో. ప్రీమియర్ తాత్కాలికంగా దాచుకునే మీడియా క్యాష్ కూడా ఓసారి ఖాళీ చెయ్, ఫుటేజ్‌కి ఏమీ కాదు.

ఒక మాట సూటిగా అడుగుతాను, అమ్మ ముందే చెప్పు. నీ ప్రీమియర్ డబ్బు కట్టి తీసుకున్నదా, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిందా? రెండోదైతే పైన చెప్పినవి చేసినా గ్యారంటీ లేదు. కొత్త వెర్షన్‌కి వెళ్లలేవు. అప్‌గ్రేడ్ తర్వాత విండోస్ సెక్యూరిటీ ఆ క్రాక్ ఫైళ్లను, అంటే దొంగ కాపీని నడిపించే ఫైళ్లను, వైరస్ కింద ఏరిపారేసి ఉండొచ్చు కూడా. డబ్బు కట్టలేకపోతే డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఉంది, 4కే వీడియో వరకూ బయటికి తీయొచ్చు. నేర్చుకోవడానికి కంపెనీవాళ్ల పుస్తకాలు కూడా ఉచితమే. కానీ ఈ పెళ్లి మధ్యలో దానికి మారకు, తర్వాతి దానికి మారు.

అమ్మా, ఇక మీ ప్రశ్న. లక్ష ఇప్పుడు ఇవ్వొద్దు. అతని గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 10 సిరీస్ లాంటి పాతదైతే మాత్రం, వాటికి కొత్త డ్రైవర్లు ఇవ్వడం 2025 అక్టోబర్‌తో ఎన్విడియా ఆపేసింది, ఇక భద్రతకి సంబంధించినవే వస్తాయి. అప్పుడు కూడా మార్చాల్సింది కార్డు ఒక్కటే. కొనేముందు పాత పవర్ సప్లై దాన్ని మోస్తుందో లేదో చూడమనండి.

ఈ లైను అతనికి తగునా లేదా అన్నది నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను గానీ, ఈ వారంలో మీరే చూడొచ్చు. హైదరాబాద్‌లో ఏ పోస్ట్ ప్రొడక్షన్‌లో చేరినా మొదట ఇచ్చేది అసిస్టెంట్ పనే. అందులో సీన్లు కట్ చేసేది తక్కువ. కార్డుల్లోంచి ఫుటేజ్ దించడం, రెండు కాపీలు తీయడం, సౌండ్ కలపడం, పెద్ద ఫైళ్లకు ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి నకళ్లు) చేయడం, అర్ధరాత్రి సిస్టమ్ మొరాయిస్తే తెల్లారేసరికి నిలబెట్టడం. అందుకే నాకు ఈ క్రాష్ అతని ప్రవేశ పరీక్షలా కనిపిస్తోంది. ఒక్కొక్కటి మార్చి చూసి, కాగితం మీద రాసుకుంటూ, విసుక్కున్నా వదలకుండా కూర్చున్నాడంటే ఆ గుణం ఏ కోర్సూ నేర్పేది కాదు. రెండో రోజుకే ఫోన్ పట్టుకుని కూర్చుని, కొత్త సిస్టమ్ పాటే పాడితే మీవారి మాటలో పస ఉన్నట్టే.

బ్యాంకుకీ దీనికీ పోటీ పెట్టాల్సిన తొందర అసలు లేదు. ఐబీపీఎస్ క్లర్కుకి 28 ఏళ్ల వరకూ, పీవోకి 30 వరకూ రాయొచ్చు. దానికీ డిగ్రీ కావాలి. సినిమా చదువులు చెప్పే పుణే ఎఫ్‌టీఐఐలో, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలో ఎడిటింగ్ పీజీకీ డిగ్రీయే కావాలి. కాబట్టి ఎవరు గెలిచినా బీకాం పూర్తి కావాల్సిందే. పరీక్షల నెలలో కొత్త పెళ్లిళ్లు ఒప్పుకోవద్దని మాత్రం మీరు గట్టిగా చెప్పండి.

ఆ పెళ్లివారికి ఇవాళే ఫోన్ చేయమనండి, మీరు కాదు, అతనే. ఫుటేజ్ భద్రంగా ఉంది, ఫలానా తేదీకి ఇస్తాను అని చెప్పాలి. ఆ తేదీకి ఎలాగైనా ఇవ్వాలంటే మార్గం ఉంది: సాఫ్ట్‌వేర్ ఓన్లీలో పెట్టి రాత్రి ఎక్స్‌పోర్ట్ నొక్కి పడుకోవడమే. ఏమేం మార్చాడో రాసిన కాగితం ఫొటో తీసి, ఆ ఫాల్టింగ్ మాడ్యూల్ పేరుతో సహా నాకు పంపమనండి.